కాకికూత మానలేని ఫ్లోరిమాన్

మా తమ్ముడు ఫ్లోరిమాన్ చెడ్డవాడు కాదు. మిల్లులో మగ్గం దగ్గర మంచి పనిమంతుడు. తాగొచ్చి గోల చేసిన రోజు లేదు. వాడి కొంప ముంచింది వాడి నోరే. నల్ల అంగీ వేసుకుని చర్చి ఫాదరు వీధి మొదట్లో కనబడితే చాలు, కీడు తగలకుండా జేబులో ఇనప తాళంచెవి పట్టుకుని "కావ్" అనేవాడు.

మా రూబే ఊళ్లో మగ్గాలవాళ్లంతా అంతే. ఫాదర్లను కాకులంటారు. నల్లబట్టలు కాబట్టి అంటారు పిల్లలు. ప్రాణం పోయే ఇంటిమీద ముందు వాలతారు కాబట్టి అంటుంది పక్కింటి ముసలమ్మ. మా తాత మాత్రం, పూర్వం పంటలో పదోవంతు చర్చికి పోయేదనీ, వాళ్లు కళ్లం మీదికి కాకుల్లా దిగేవాళ్లనీ, ఆ కడుపుమంటలోంచే ఆ మాట పుట్టిందనీ చెప్పేవాడు. సరే, అది తాత కడుపుమంట. మా వాడికి ఫాదర్ దెల్వాల్ ఏం అపకారం చేశాడు?

పైగా వాడు మనసుపడింది ఆ ఫాదరింట్లో వంటచేసే జెలీ మీద. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లను చేరదీసినవాడు ఆయనే.

"నువ్వు చర్చికి రాకపోయినా నేనేం అనను. ఆయన్ని చూసి అరిచావో, పెళ్లి లేదు," అంది జెలీ.

"నాకేం సరదానా? అరవకపోతే మిల్లులో వాళ్లు నన్ను బతకనివ్వరు."

"అయితే వాళ్లనే చేసుకో."

దాంతో దారికొచ్చాడు. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులన్నీ నోరు కట్టుకున్నాడు. "ఏరా కాకిగారల్లుడూ" అని మిల్లులో ఏడిపించినా ఓర్చుకున్నాడు. వాడి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఈస్టరు వెళ్లిన మరుసటి ఆదివారం, చర్చిలో పెళ్లి ప్రకటన చదవమని అడగడానికి నేనూ, వాడూ, జెలీ ముగ్గురం ఫాదరింటికి వెళ్లాం. వాడి కాలరుకు గంజి నేనే పెట్టాను. వీధిలో నరపురుగు లేదు. తలుపు తట్టాం. నల్ల అంగీలో, నవ్వుతూ, ఫాదరే తీశాడు.

మా వాడి చెయ్యి జేబులోకి పోయింది.

"కావ్."

నాకు ఒళ్లు మండిపోయింది.

"మిల్లువాళ్లు లేరుగా ఇక్కడ. ఎవరికి భయపడి అరిచావు?" జెలీ నెమ్మదిగానే అడిగింది.

"ఏమో జెలీ. నోరు దానంతటదే..."

"పోనీలే అమ్మా, చిన్నప్పటి అలవాటు. నేనేం అనుకోలేదు. లోపలికి రండి," అన్నాడు ఫాదరు.

"మీరు అనుకోరు ఫాదర్. నేను అనుకున్నాను."

ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. ఫాదరు మా ఇద్దరినీ చూసి, ఏం చెయ్యాలో తోచక, తలుపు సగం తెరిచే ఉంచాడు. మా వాడు లోపలికి పోడు, ఇంటికీ రాడు.