లేక్ ఒడ్డున విన్న నిజం

నా చిన్నప్పుడు, అమెరికాలోని ఇర్వింగ్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లలో చలి తగ్గుముఖం పట్టిందంటే మా ఇంట్లోంచి చేపల పులుసు వాసన మొదలయ్యేది. నీళ్ళు కాస్త వెచ్చబడగానే బాస్ చేపలూ, అరచేతంత సన్‌ఫిష్‌లూ గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. నాన్న ఏడాదంతా ఆ రోజుల కోసమే ఎదురుచూసేవారు. కృష్ణా జిల్లాలో కాలవ పక్కన పెరిగిన మనిషి. చర్చిలో పరిచయమైన ఒక అంకుల్‌తో కలిసి పాత అల్యూమినియం పడవ కొన్నారు. శనివారం వస్తే దాన్ని కారు వెనక తగిలించుకుని ఊరికి దూరంగా ఉన్న పెద్ద లేక్‌కి బయలుదేరేవారు. నేనూ వెంటపడేదాన్ని. సన్‌ఫిష్‌ని గాలం నుంచి తప్పించేటప్పుడు వీపు ముళ్ళు గుచ్చుకోకుండా తలవైపు నుంచి తోకకేసి చెయ్యి జార్చి పట్టుకోవాలని ఆయనే నేర్పారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆ ఏడు వసంతంలో ఒక శనివారం, చెవిపోటుతో నేను ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నం ఎండ కాస్తూండగానే లేక్ మీద ఉత్తరపు గాలి లేచి పడవ తిరగబడింది. పడవని కరుచుకుని ఉన్న అంకుల్‌ని ఎవరో కాపాడారు. నాన్న దొరకలేదు.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి ఇల్లంతా చర్చివాళ్ళతో నిండిపోయింది. మా వంటింట్లో ఎవరెవరో వండుతున్నారు. "డాడీ హాస్పిటల్‌లో ఉన్నారమ్మా, ప్రేయర్ చేసుకో" అన్నారు. ఏ హాస్పిటల్ అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అమ్మ బెడ్‌రూమ్ తలుపు వేసుకుంది. తడితే తియ్యలేదు. నేను తోడు వెళ్ళకపోవడం వల్లే నాన్నకి ఏదో అయ్యిందనీ, అందుకే అమ్మ నా మొహం చూడడం లేదనీ అనుకున్నాను. ఆ భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున పై అంతస్తు ఆంటీ కిందికి వచ్చారు. వరంగల్ వైపు ఆవిడ. మాట కరుకు. మెట్ల మీద గోల చేస్తే కసిరేవారు. అందుకని పిల్లలమంతా ఆవిడకి దూరంగా ఉండేవాళ్ళం. నేరుగా వెళ్ళి అమ్మ చేత తలుపు తీయించి లోపలికెళ్ళి, "పిల్లకు చెప్పిన్రా?" అని అడగడం నాకు వినిపించింది. అమ్మ జవాబు వినబడలేదు. ఆంటీ బయటికొచ్చి నా చెప్పులు నా ముందు పెట్టి, "దా బిడ్డా, మీ అమ్మ సరే అన్నది" అన్నారు.

ఆవిడ నన్ను కారులో లేక్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఒడ్డున ఎప్పటిలాగే జనం కుర్చీలు వేసుకుని గాలాలు వేస్తున్నారు. బకెట్లలో సన్‌ఫిష్‌లు కొట్టుకుంటున్నాయి. దూరంగా రెండు పడవలు ఒకే చోట మెల్లగా తిరుగుతున్నాయి. ఆంటీ నా ముందు గడ్డిలో కూర్చుని నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ డాడీ పడవ తిరగబడ్డది బిడ్డా. నీళ్ళల్ల పడ్డడు. చనిపోయిండు. ఆ పడవలోళ్ళు ఆయన్నే దేవులాడుతున్నరు."

"డాడీకి స్విమ్మింగ్ వచ్చు కదా ఆంటీ?"

"వచ్చు. కానీ ఈ నెలల పైన ఎండ ఉన్నా నీళ్ళు మస్తు సల్లగుంటయి. కాళ్ళు చేతులు పనిజెయ్యవు."

"లైఫ్ జాకెట్?"

"మెత్తగ ఉంటదని కింద ఏసుకోని కూసున్నడట."

"నేను వెళ్ళుంటే?"

"నువ్వు గూడ పోతుంటివి. నీ తప్పేం లేదు."

చివరికి, నాన్నకి నొప్పి పుట్టిందా అని అడిగాను.

"తెల్వదు బిడ్డా. తెలిస్తే చెప్తుంటి."

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. మధ్యాహ్నం దాటాక పడవలు ఆగాయి. "దొరికిండు. చూస్తె చూడు, లేకుంటె నన్ను పట్టుకో" అన్నారు. నేను చూశాను. దూరంగా ఒడ్డుకి చేర్చి కప్పిన గుడ్డ కింద నుంచి నాన్న పాదాలు కనబడ్డాయి, తెల్లగా నాని. అంత దూరం నుంచైనా అవి ఎవరివో ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు ఆంటీ మీద విరుచుకుపడ్డారు. పసిపిల్లకి ఇలా చెప్తారా, చూపిస్తారా అని. నేను వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి అమ్మ తలుపు తట్టి, "నాకు తెలుసమ్మా" అన్నాను. తలుపు తెరుచుకుంది. నాకు అబద్ధం చెప్పలేక, నిజం చెప్పే ధైర్యం లేక ఆ గదిలో కూర్చుందని అప్పుడు అర్థమైంది. ఇద్దరం నేల మీదే కూలబడి ఏడ్చాం.

ఆంటీ వాళ్ళు ఏడాది తిరక్కుండానే వేరే ఊరు వెళ్ళిపోయారు. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. పోయినేడు మా ఆయనకి ఇక వైద్యం పనిచెయ్యదని తేలాక, అందరూ మనవరాలికి తాతయ్య రెస్ట్ తీసుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య ఇంక కొన్నాళ్ళే ఉంటాడని చెప్పాను. అది చాలాసేపు ఏవేవో అడిగింది. అడగడం అయిపోయేదాకా నేను అక్కణ్ణుంచి లేవలేదు.