తులసికోట మీది మగ ఈగలు

మగ ఈగలను పెళ్ళికి తయారుచేయడం నా ఉద్యోగం. ఇవి జామకాయలో పురుగు పెట్టే పండు ఈగలే, కాకపోతే రేడియేషన్ వల్ల వీటికి సంతానం కలగదు. తోటలోని ఆడ ఈగలు వీటితో జతకడితే పురుగు పుట్టని గుడ్లు పెడతాయి, కాయ బతుకుతుంది. అయితే అక్కడున్న మగ ఈగల కంటే ఇవి ఆడవాటికి ఎక్కువ నచ్చాలి. అందుకని వదిలే ముందు వాటికి చక్కెర, ఈస్టు పెడతాం. ఒక నూనె కూడా నాకడానికి పెడతాం. అది నాకిన మగ ఈగ జతకట్టడంలో గట్టిపడుతుంది, మళ్ళీ అలాంటి వాసన వెంట అంతగా పడదు.

ఆ నూనెది దాదాపు తులసి కషాయం వాసనే. నా భార్య చివరి నెలలు ఆ కషాయంతో గడిచాయి. ఆమె పోయాక పనిలోకి తిరిగొచ్చిన వారం నేను ఆ సీసా మూత తీయలేకపోయాను. రికార్డులో మాత్రం "నూనె లేకుండా ఒక పరీక్ష" అని రాశాను. దుఃఖానికి అంత గౌరవప్రదమైన పేరు పెట్టగలిగినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

శంషాబాద్ దాటాక షాద్‌నగర్ వైపు ఉంది ఆ జామతోట. రైతు నా మాట నమ్మి మందు కొట్టడం ఆపాడు. ఈగలను వదిలిన మర్నాడే ఫోన్ చేసి రమ్మన్నాడు.

వెళ్ళేసరికి, గుర్తు కోసం గులాబీరంగు పొడి అద్ది పంపిన నా ఈగలు అతని వాకిట్లో తులసికోట మీద ఉన్నాయి. పూజకు తుంచిన కొమ్మల చివర్లు నాకుతున్నాయి.

"ఏంది సారూ, మీ పెండ్లికొడుకులు గిట్ల భక్తులైన్రు?" అన్నాడు రైతు.

"నీళ్ళు పోద్దామంటే మొఖం మీదికొస్తున్నయ్. జర మీ అల్లుండ్లను తీస్కపో సారూ," అంది అతని భార్య.

"నవ్వులు గాదు. కాయ పండుకొస్తున్నది. రేపు మందు గొట్టాల్నా, ఆగాల్నా?"

మందు కొడితే నా ఈగలూ పోతాయి. ఆగితే అతని పంట పోవచ్చు. పైన విమానం దిగుతోంది. ఆ చప్పుడుకు ఈగలు బెదిరాయని చెబుదామా అని నిజంగానే ఆలోచించాను.

"తప్పు నాదే. ఒక నూనె పెట్టాలి, పెట్టలేదు. ఆ వాసన నాకు పడటం లేదు."

"ఎందుకు పడ్తలేదు?" అంది ఆమె.

చెప్పాను. ఆమె నీళ్ళ చెంబు కోట గట్టు మీద పెట్టింది.

"ఇగ ముక్కు మూసుకోని పెట్టు సారూ. కాయ ఆగదు."

"శుక్రారం దాంక ఆగుత," అన్నాడు రైతు.

మర్నాడు సీసా తెరిచాను. దూదికి నూనె పట్టించి, ఇంకా వదలని ఈగల పంజరంలో పెట్టాను. ఈగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దాని మీదికి వచ్చాయి. వాటికి నా సంగతులేవీ పట్టలేదు. నాకు దగ్గు వచ్చింది, కళ్ళు మండాయి. బయటికి పోవడానికి అది చాలినంత కారణమే. కానీ దూది ఆరిపోతే మళ్ళీ తడపాలి కదా, అక్కడే నిలబడ్డాను.