మీసాల పక్షుల పుస్తకం

జనగామలో పాత కాగితాలు కొనే దుకాణంలో దొరికిందా పక్షుల పుస్తకం. ముప్పై రెండు రంగు బొమ్మలు. ఇప్పుడెక్కడా దొరకదు. మొదటి పేజీలో ఒకదాని కింద ఒకటి మూడు పేర్లు. కొత్తగా చేతికొచ్చిన ప్రతివాడూ పై పేరును ఒక్క గీతతో కొట్టేసి తన పేరు, ఊరు రాసుకున్నాడు. నర్మెట్ట, మహబూబాబాద్, టేకుమట్ల. నేనూ మూడోది కొట్టేసి నాలుగోది రాసుకున్నాను. ఇలాంటి పనులు నేను వాయిదా వేయను.

ఒక్కటే లోపం. ప్రతి పక్షికీ ఎవరో పెన్సిల్‌తో మీసాలు పెట్టారు. గుడ్లగూబకు బాగానే ఉన్నాయి గానీ పావురానికి నప్పలేదు. మెత్తని రబ్బరుతో, రంగు చెదరకుండా, వారం రోజులు కూర్చుని అన్నీ తుడిచాను. పీహెచ్‌డీ కూడా ఇంత శ్రద్ధగా చేయలేదు.

తర్వాత, పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో రాసిపెట్టుకుందామని భూపాలపల్లి మీదుగా టేకుమట్ల వెళ్లాను. మూడో పేరు గలాయన ఎప్పుడో పోయారు. డెబ్బై దాటిన కూతురు అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పుస్తకం చూడగానే చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇల్లు విప్పినప్పుడు పాత సామానుతోని పోయింది సారూ!" అంటూ గబగబా పేజీలు తిప్పింది. ఆగి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"మీసాలేవి?"

"నేనే తుడిచిన అవ్వా. ఖరాబైందనుకున్న."

"మా తమ్ముడు పెట్టిండు. బడికి పోయిన రెండేండ్లల్ల వాడు నేర్చిన సదువు గదే. ఎనిమిదేండ్లకు జరమొచ్చి పోయిండు. ఫొటో గూడ లేదు." పేజీ తిప్పుతూ అంది: "మా బాపు వాన్ని కొట్టిండు గని, మీసాలు తుడవలే."

పుస్తకం అందుకున్నాను. పేజీని ఎండకు ఏటవాలుగా పట్టాను. గుడ్లగూబ ముక్కుకు రెండు వైపులా కాగితంలో సన్నటి గాడి. ఆమెకు చూపు ఆనలేదు. వేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

"ఆఁ... గట్టిగ ఒత్తేటోడు. పలకలు గూడ పగిలేటియి."

అలా ఒక్కో పక్షినీ తడుముతూ పోయింది. పావురం దగ్గర మాత్రం ఏమీ తగల్లేదు.

"పావురాలంటే పాణం వానికి. మెల్లగ పెట్టినట్టున్నడు," అంది.

నేను పెన్ను తీసి, ఆమె పేరు అడిగాను.

"నాది గాదు సారూ. వానిది రాయి."

నాలుగో పేరును ఒక్క గీతతో కొట్టేశాను. ఐదోది, ఆమె చెబుతుంటే, మెల్లగా రాశాను. ఊరు, టేకుమట్ల.