ఆరంకెల ఓటీపీ, తొమ్మిది చెంపదెబ్బలు

గోల్‌మురి బజార్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేను చెప్పేది ఇది: మా బావమరిదిని ఇనుప కమ్మీతో బాది, మూడు పళ్ళు రాలగొట్టి, వాడు చేతులెత్తి మొక్కుతుంటే వాడి ఫోన్లోంచి ఓటీపీ లాక్కుని మా అమ్మాయి వెబ్‌సైట్ కాపాడాను. అదే కథ టెల్కో కాలనీలో చెప్పేటప్పుడు వాడి పక్కన ఇద్దరు వెల్డర్లు కూడా ఉంటారు. టాటానగర్ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరూ నలుగురవుతారు. రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయినవాణ్ణి. చేతిలో పనిలేనివాడి కథల్లో మనుషులు ఇలాగే పెరుగుతారు.

అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో కమ్మీ నిజం. నెత్తురు నిజం.

మా అమ్మాయి దుకాణాల షట్టర్లు బాగుచేస్తుంది. తనూ, మా బావమరిదీ కలిసి ఆరేళ్ళు ఆ పని నడిపారు. వాడు నా భార్యకి తమ్ముడు, మంచి వెల్డరు. పొద్దున్నే కొట్టు తెరవబోతే షట్టరు సగంలో బిగుసుకుపోయిందనుకోండి, ఆ కొట్టు మనిషి ఎవర్నీ వాకబు చెయ్యడు. ఫోన్ తీసి వెతుకుతాడు. పైన ఏ పేరుంటే దానికి ఫోన్ చేస్తాడు, రెండో పేరు దాకా కూడా పోడు. ఆ పై పేరు మాదే. సైటంతా మా అమ్మాయి చేతులతో కట్టుకున్నదే గాని, దాని చిరునామా మాత్రం మా బావమరిది ఇంటిపేరుతో ఉంది. వాడి ఖాతాలో, వాడి ఫోన్ నంబరు మీద కొన్నది.

పోయినేడు వేసవిలో విడిపోయారు. గేట్లూ గ్రిల్సూ వాడికి, షట్టర్లు అమ్మాయికి. ఇంటిపేరు వాడిది గనక పాత చిరునామా వాడికే ఉంటుంది. అమ్మాయి కొత్తది కొనుక్కుంది. ఇక సామాను మార్చేసుకోవడమే కదా అని నేననుకున్నాను. అమ్మాయి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమవైపు పాత పేజీలు, కుడివైపు కొత్తవి. స్ప్రింగు మార్చడం ఒకటి, పట్టీలు వంగితే సరిచెయ్యడం ఒకటి, ఒక్కో పేటకి ఒక్కోటి, నలభై పైచిలుకు.

"పాత పేజీకి వచ్చినోడ్ని దాని జత పేజీకి తీసుకెల్లి దింపాల నాన్నా. పర్మనెంట్‌గా. కమ్ సే కమ్ ఒక ఏడాదైనా. అప్పుడు సెర్చ్‌కి తెలుస్తాది, ఈల్లు ఆల్లే, ఇల్లు మారినారని."

"ఇంత రాతెందుకే? అందర్నీ మొదటి పేజీకి తోలీ."

"స్ప్రింగు ఇరిగినోడు స్ప్రింగు కోసం వత్తాడు. ఆడ్ని గుమ్మంలో నిలబెట్టీసి ఎతుక్కో అంటే ఉంటాడేటి? మనం కిందకి పోతాం. నాకింక ఫోన్లు రావు."

దానికి ముందు పాత చిరునామాని అమ్మాయి సర్వర్ వైపు తిప్పాలి. ఆ తిప్పడం మా బావమరిది ఖాతాలోంచే జరగాలి. పాత లైను ఎత్తేశాక పాయింటు మార్చి లాభం లేదని నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

పనిముట్లు పంచుకునే రోజున షెడ్డులో ముగ్గురమే ఉన్నాం. ఎండకి రేకులు చిటపటమంటున్నాయి. డ్రిల్లు ఎవరిది, గ్రైండర్ ఎవరిది అని ఇద్దరూ చూసుకుంటున్నారు. నేను కుర్చీలో ఉన్నాను. మా బావమరిది సుత్తి ఒకటి తీసి తనవైపు పెట్టుకుంటూ అన్నాడు: "జనం నా ఇంటిపేరు సూసి వచ్చినారు బావా. ఈ పిల్ల షట్టర్లు సూసి కాదు."

షట్టరు కిందకి లాగే కమ్మీ, చివర కొక్కెం ఉన్నది, నా చేతికందేంత దూరంలో ఉంది. కొట్టాను. కొక్కెం వాడి కనుబొమ్మని చీల్చింది. నెత్తురు కంట్లోకి, చెంప మీదికి, అక్కణ్ణించి గ్రైండర్ మీదికి కారింది. రెండోసారి ఎత్తాను. ఈసారి వాడు కమ్మీని పట్టేసుకుని, నా కాలరు పట్టి షట్టరు రేకుల మీదికి విసిరాడు. రేకులన్నీ పెద్ద చప్పుడుతో నా మీద పడ్డాయి. మోకాలితో నా ఛాతీ మీద కూర్చుని పిడికిలెత్తాడు. వాడి నెత్తురు నా నోట్లో పడింది. ఉప్పగా ఉంది.

అమ్మాయి పైపు రెంచి పట్టుకుని మా తలల మీద నిలబడింది. "కోయీ హిలా తో మార్ దూంగీ," అంది. కదిలితే ఇద్దర్నీ చంపేసే గొంతే అది. ఇద్దరం కదల్లేదు.

వాడికి మూడు కుట్లు పడ్డాయి. సాయంత్రం ఒక్క మాట కబురు పెట్టాడు: పాత సైటు ఆదివారం ఆపించేస్తున్నాను, నా ఇంటిపేరు మీద ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

ఇక్కడ దాచింది చెప్పేస్తాను. ఆ రోజు పొద్దున్నే వాడు అమ్మాయితో "ఏడాదేటి అమ్మీ, రెండేల్లు ఉంచుకో" అన్నాడు. ఆ ఇంటిపేరు మాట కూడా నవ్వుతూనే అన్నాడు. అమ్మాయి కూడా నవ్వింది. షెడ్డులో నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే. పంపకాల్లో నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది, చేశాను.

శనివారం అమ్మాయి మేనమామకి ఫోన్ చేసి బతిమాలింది. "ఓటీపీ కావాలంటే మీ నాన్నని పంపు," అన్నాడట. నా భార్య నాకు చెప్పులు తెచ్చి ముందు పడేసి లోపలికి పోయింది. మూడు రోజులుగా నాతో ఆవిడ మాట్లాడిన మాట అదొక్కటే.

వాడి వరండాలో నిలబడ్డాను. కనుబొమ్మ మీద పట్టీ, కింద కన్ను వాచి మూసుకుపోయి ఉంది. నా ఫోన్లో అవతల అమ్మాయి, కంప్యూటర్ ముందు కూర్చుని. వాడి ఫోన్ టింగుమంది.

"ఆరంకెలు బావా. అంకెకొకటి. ఇష్టమైతే నిల్సో."

"సున్నా వత్తే?"

"సున్నాకీ సెంప ఉంటాది."

మొదటిది కొట్టాడు. వెల్డరు చెయ్యి. చెవిలో ఇంజిను కూత వినిపించింది. "నాలుగు," అన్నాడు. "నాలుగమ్మా," అన్నాను ఫోన్లో. రెండోది. "ఒకటి." మూడోదానికి నా పై పళ్ళసెట్టు నోట్లోంచి ఎగిరి వరండాలో ఉన్న మంచం కిందికి పోయింది. గోల్‌మురిలో నేను చెప్పే పళ్ళు అవే. నావే.

"నాన్నా, ఏటా సప్పుడు?"

"షట్టరు కొడతన్నారమ్మా."

మంచం కింద చీపురుతో వెతికి, పళ్ళు కడుక్కుని పెట్టుకునేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. అమ్మాయి మళ్ళీ తెప్పించింది. కొత్త అంకెలు.

"మల్లీ మొదట్నించి," అన్నాడు మా బావమరిది.

"ఆ మూడూ జమ కట్టవేటి?"

"పాత ఓటీపీవి సెల్లవు బావా."

వాడి భార్య గుమ్మంలోకి వచ్చి, "టీ సల్లారిపోతంది, తొరగా కానీండి," అంది. నేను ఈసారి పళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాను. ఐదో దెబ్బకి పెదవి లోపల చీలింది. ఆరోదానికి ముందు వాడు కాసేపు నన్ను చూశాడు. దయ తలుస్తాడనుకున్నాను. అన్నిటికంటే గట్టిది అదే. గోడకి కొట్టుకుని కిందికి జారాను. ఉమ్మితే ఎర్రగా వచ్చింది.

"రెండు," అన్నాడు.

"రెండమ్మా," అన్నాను.

"లోపలికి ఎల్లిపోయినాను నాన్నా. తిప్పేసినాను." ఊపిరి పీల్చుకుంది. "ఏడతన్నావేటి?"

లేదన్నాను. అదీ అబద్ధమే.

తర్వాత కథ అంత జోరుగా ఏమీ సాగలేదు. నోటుబుక్కులో నేను ఎడమవైపువి చదివాను, తను కుడివైపువి సరిచూసింది. రెండు చిరునామాలూ మావేనని, ఇల్లు మారామని సెర్చ్‌వాళ్ళకి తెలియజేసింది. అయినా, నెమ్మదిగా చెయ్యాల్సిన పని ఒక్క రాత్రిలో చెయ్యాల్సొచ్చి మా పేరు జారింది. ఒక వారం రెండో పేజీలోకి పోయాం. ఫోన్ మోగలేదు. అమ్మాయి రోజుకి పదిసార్లు వెతికి చూసుకునేది, నా మొహం చూసేది కాదు. ఆ కొక్కెం దెబ్బ తన నెత్తిన తగిలిందని అప్పుడు తెలిసింది నాకు. వానలు బాగా పడ్డాక ఒక పొద్దున టెల్కో కాలనీ మందుల షాపాయన ఫోన్ చేశాడు, షట్టరు మోకాలెత్తులో ఇరుక్కుందని. ఎక్కడ చూశారని అమ్మాయి అడిగింది. "సబ్‌సే ఊపర్ ఆప్ హీ హో," అన్నాడట, అందరికంటే పైన మీ పేరే ఉందని. రెంచి స్కూటర్లో వేసుకుని పోతూ నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

ఏడాది తిరిగింది. పాత చిరునామా గడువు అయిపోయే రోజు అమ్మాయి భయపడుతూనే ఆ ఇంటిపేరు టైపు చేసింది. ఒక్క క్షణం తెల్ల తెర. ఆ తర్వాత మా షట్టర్లే వచ్చాయి. మా బావమరిది ఎవరూ అడక్కుండానే ఇంకో ఏడాదికి కట్టేశాడు.

"మావకి ఫోన్ సెయ్యి నాన్నా."

"నువ్వు సెయ్యి."

"కొట్టినోడివి నువ్వు."

చేశాను. అవతల గ్రైండర్ మోత.

"ఏటి బావా."

"సైటు తెరుసుకుందిరా."

"తెరుసుకోదేటి, కట్టినాను కదా."

"కనుబొమ్మ ఎలగుంది?"

"సల్లగాలికి లాగతాది."

తప్పయిపోయిందని అనడానికి నోరు తెరిచాను. ఏడాదిగా ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు.

"ఒరే," అన్నాను.

"సెప్పు బావా. గేటు పట్టుకుని నిలబడినాను, బరువుగా ఉంది."

"తప్పు నాదేరా."

గ్రైండర్ ఆగింది.

"తెల్సులే," అని పెట్టేశాడు.