బోణీ పింఛను

మా ఆయనకు ముసలితనం గురించి ఎప్పుడూ బెంగ లేదు. ఆయన లెక్కలో ముసలితనమంటే మా రెండెకరాల్లో చీనీ బత్తాయిల తోట, తోట నీడలో నులక మంచం, మంచం మీద ఆయన. దానికి కావలసిందల్లా ఒక్క బోరు. గార్లదిన్నె రోడ్డు పక్కన పంక్చర్ షాపులో రెక్కలు ముక్కలు చేసుకుని కూడబెట్టిందంతా ఆ మంచం కోసమే భూమిలో పోశాడు.

మొదటి బోరులో తెల్ల దుమ్ము లేచింది. రెండోసారి ఇలా కాదని కొబ్బరికాయ పట్టే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ నిక్కి నిలబడిన చోట నీళ్ళున్నట్టు. మా పొలంలో కాయ బ్రహ్మాండంగా నిలబడింది. బోరులో మాత్రం మళ్ళీ దుమ్మే. బోరు బండి వెళ్ళిపోయాక కూడా మా ఆయన అక్కడే నిలబడిపోయాడు. జుట్టూ మీసాలూ తెల్లబడి, అప్పుడే ముసలివాడైనట్టు కనిపించాడు. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక భయమేసింది. ఈ నడుము లారీ టైర్లను ఇంకెన్నాళ్ళు ఎత్తుతుంది? ఎత్తలేని రోజు వస్తే మేం ఏం తినాలి?

దాచుకుందామంటే వినే మనిషి కాదు. అయితే ఆయనకొక పట్టింపుంది. పొద్దున మొదటి బేరం డబ్బు, అంటే బోణీ, కళ్ళకద్దుకుని దేవుడి పటం ముందు పెడతాడు. టీకి కూడా అందులోంచి తీయడు. నేను ఆ పట్టింపును పట్టుకున్నాను.

"బోణీ దుడ్లు తీసుకపోయి బోరులో పోస్తే లక్ష్మి ఊరుకుంటాదా? అవి నాకియ్యి," అన్నాను.

"అదీ నిజమేలే," అన్నాడు.

ఆ డబ్బును బ్యాంకులో ఆయన పేరున పింఛను పథకానికి నెలనెలా కట్టాను. అరవై నిండేదాకా తీయడానికి వీల్లేదని వాళ్ళు చెబితే నాకు ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టిన మా ఆయన ఆ మాట విననే లేదు. కొన్నాళ్ళకు బోణీ కూడా ఫోనులోనే పడే కాలం వచ్చింది. అప్పుడు ఫోనునే కళ్ళకద్దుకునేవాడు.

మూడో బోరు మీదికి మనసు పోయినప్పుడు ఆయనకు అసలు సంగతి తెలిసింది.

"అరవై దాకా ముట్టుకోకూడదా? అదేం దుడ్లే! నా దుడ్లు నాకే ఇయ్యరా?"

"పోయి అడుగుదాం పా," అన్నాను.

బ్యాంకు గుమాస్తా కంప్యూటర్ చూసి, "నీకింకా వయసు కాలేదన్నా," అన్నాడు. ఆ మాటకు కోపం తెచ్చుకున్న మగవాణ్ణి నేను చూడడం అదే మొదలు. దారంతా నాకంటే పదడుగులు ముందే నడిచాడు. ఇంట్లో సంగటి మాత్రం అడిగి మరీ రెండో ముద్ద పెట్టించుకున్నాడు.

డబ్బు లేక మూడో బోరు ఆగిపోయింది. ఆ రోజుల్లో నాకూ గుబులుగానే ఉండేది. ఒకవేళ మూడో బోరులో నీళ్ళుంటే? ఆయన తోటను నేనే ఎండబెట్టినట్టు కాదా?

పోయిన ఏడాది నడుము పట్టేసింది. టైర్లు ఎత్తడం మానేసి ఇప్పుడు బండ్లకు గాలి కొడుతున్నాడు, అంతే. ఈ మధ్యే అరవై నిండాయి. మొదటి పింఛను పడిన రోజు సాయంత్రం సంచీతో వచ్చి, అందులోంచి పిలకున్న కొబ్బరికాయ తీశాడు. చింత చచ్చినా పులుపు చావలేదనుకున్నాను.

"మళ్ళా యాడయ్యా బోరు?"

"బోరూ లేదు, గీరూ లేదు. చట్నీకి తెచ్చినా," అంటూ గడప దగ్గర కూర్చుని కాయ కొట్టాడు. కారే నీళ్ళు గ్లాసులో పట్టి నా చేతికిచ్చాడు.

"తాగు. ఇన్నాళ్ళకు నీళ్ళు పడినాయి."

ఏడుపు ఆపుకోలేకపోయాను. సగం తాగి, మిగిలిన సగం ఆయనకిచ్చాను.