రన్నింగ్ కండిషన్

అమీర్‌పేటలో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ ఆదివారం పొద్దున ఉన్నవాళ్ళు: నేను, మా అన్నయ్య, వాచ్‌మన్. ఉన్నవి: అన్నయ్య పాత వంద సీసీ మోటార్‌సైకిల్, స్పానర్ల సెట్టు, ఫీలర్ గేజి, కిరోసిన్ పోసిన ప్లాస్టిక్ టబ్బు, చింపిన పాత లుంగీ, కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న వర్క్‌షాప్ మాన్యువల్. మాన్యువల్‌కి అట్ట లేదు. లోపలి పేజీలన్నీ ఉన్నాయి, కొనేముందే చూసుకున్నాను.

బండి చాలాకాలంగా మూలన పడి ఉంది. స్టార్టయితే నీలం పొగ, కిక్కు కొడితే కాలికి ఒత్తిడి తగలదు. అన్నయ్య సాఫ్ట్‌వేర్‌లో చేరాక ఆఫీసు క్యాబే వచ్చి తీసుకెళ్తోంది. నాది మెకానికల్ బీటెక్. ఆ రోజుల్లో అమీర్‌పేటలో అది చెప్పుకునే చదువు కాదు. రోడ్డు మీద కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు సైతం "ఏ బ్రాంచి అన్నా?" అని అడిగి, జవాబు విన్నాక జాలిపడి రెండు కాగితాలు ఎక్కువ ఇచ్చేవాళ్ళు. అన్నయ్య బలవంతం మీద జావా క్లాసులో కూర్చుంటున్నాను. ఎవరికీ చెప్పకుండా సనత్‌నగర్‌లో పంపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీకి వెళ్ళి సర్వీస్ ఇంజనీర్ పని అడిగాను. ఓనరు రెండే ప్రశ్నలు వేశాడు. పంపులో సీలు ఎందుకు లీకవుతుంది? సొంత బండి ఉందా? మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి నెలాఖరు దాకా గడువు ఇచ్చాడు. బండితో వస్తే ఉద్యోగం నాది.

ఇంట్లో చెప్పక తప్పలేదు.

"పంపులు రిపేరు చేస్తావా? నిన్ను బీటెక్ చదివించింది ఇందుకేంట్రా?" అన్నాడు అన్నయ్య.

"బండి ఇస్తావా లేదా?"

"అది కదిలినప్పుడు చూద్దాం. బాగుచేసుకుంటే నీదే, తీసుకుపో." ఈ మాట వదిన ముందే అన్నాడు.

అందుకే ఆ ఆదివారం కాఫీ గ్లాసుతో వేడుక చూడ్డానికి కిందికి దిగాడు. మధ్యాహ్నానికి ఇంజన్ హెడ్డు, బ్లాకు, పిస్టను బయటికొచ్చాయి. ఊడదీసిన వరసలోనే న్యూస్‌పేపర్ మీద పేర్చి, ఒక్కో నట్టు పక్కన మాన్యువల్ పేజీ నంబరు రాశాను.

"ఏంది సార్, మొత్తం ఊడదీసినవ్," అన్నాడు వాచ్‌మన్. "మల్ల ఎక్కిస్తవా, తూకానికేస్తవా?"

"బేరం నువ్వే మాట్లాడవయ్యా," అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కొలతలు తీస్తున్నాను. సిలిండర్ అరుగుదల మాన్యువల్ ఒప్పుకునే హద్దులోనే ఉంది. పోయినవి పిస్టన్ రింగులు. కొత్తవి కొనుక్కొచ్చి, ఒక్కో రింగు సిలిండర్‌లో పెట్టి, దాని రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూసి, మూడు రింగుల సందులూ ఒకే వరసలో పడకుండా తిప్పి ఎక్కించాను. వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో చేత్తోనే రుద్దాను. తర్వాతి ఆదివారం ఇంజన్ స్టార్టయింది. పొగ లేదు.

వాచ్‌మనే ముందు మెచ్చుకున్నాడు. "జర బల్కంపేట ఎల్లమ్మ కాడికి తోల్కపో సార్. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యి. ఇగ కొత్త బండే."

శనివారం క్లాసు నుంచి వచ్చేసరికి సెల్లార్‌లో బండి లేదు.

"పెద్దసారు తోల్కపోయిండు," అన్నాడు వాచ్‌మన్. "ఒక్క కిక్కుకే లేసింది, మస్తు చేసినవ్ సార్!"

నాకంటే ముందే గుడికి తీసుకెళ్ళాడనుకున్నాను. నిజంగానే సంతోషం వేసింది. పైకి వెళ్తే వదిన చిక్కుళ్ళు తుంచుతోంది.

"నీతో చెప్పలేదా? పంజాగుట్టలో ఎక్స్ఛేంజ్ మేళా. పాత బండి ఇచ్చి నాకు స్కూటర్ తీసుకుంటున్నారు. రన్నింగ్ కండిషన్‌లో ఉంటేనే తీసుకుంటారట. నువ్వు చేయబట్టి సరిపోయింది."

'నీదే' అన్న మాట ఆవిడా విన్నది. పళ్ళెంలోంచి తలెత్తలేదు.

పంజాగుట్ట దాకా నడిచి వెళ్ళాను. షోరూములో అన్నయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, భుజం మీద చెయ్యివేసి, సేల్స్ కుర్రాడితో అన్నాడు: "వీడేనండీ మా తమ్ముడు. ఇంజన్ మొత్తం ఇంట్లోనే, పుస్తకం చూసి చేశాడు. మెకానికల్ ఇంజనీర్!"

నా చదువు గురించి అన్నయ్య గర్వంగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"బాగుచేస్తే నాదే అన్నావు."

"అన్నాన్రా. ఆ పంపులవాడి దగ్గర చేరితే జీవితమంతా గ్రీజే. జావా పూర్తిచెయ్, కారే కొనుక్కుందువు."

"ఇచ్చేముందు నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇవ్వనిచ్చేవాడివా?"

ఆర్సీ మీద సంతకం అయిపోయింది. స్కూటర్ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తామన్నారు. నేను రానన్నాను. సోమవారం సనత్‌నగర్‌కి ఫోన్ చేసి బండి లేదని చెప్పాను. ఓనరు ఎందుకని అడగలేదు, ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

అంతకుముందు, ఆ శనివారమే, ఫోటో తప్పించుకుని షోరూము వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళాను. ఒకతను మా బండి పెట్రోల్ పైపు లాగి డబ్బాలోకి పడుతున్నాడు.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయి?" అన్నాను.

"లాట్ లెక్క బ్రోకర్ లేపుకపోతడన్న. ఇసుంటి పాతయి పార్టులకే. ఇంజన్ ఎట్లుందో ఎవ్వడు చూడడు."

"మరి రన్నింగ్ కండిషన్ ఎందుకు అడుగుతున్నారు?"

"నడ్వకుంటే ఈడిదాంక ఎవడు నూకాలె? గంతే."

తర్వాతి బండి పైపు పట్టుకున్నాడు. నేను షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి లెక్కపెడుతూ నడిచాను. మొత్తం ముప్ఫై ఒక్క బళ్ళు ఉన్నాయి.