బావగారి బండి చప్పుడు

రండమ్మా, గుమ్మంలో నిలబడకండి, ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి. చెవి కాస్త నాకివ్వండి. ఈ పొద్దున పక్కింటి కుర్రాడు కొత్త మోటారుసైకిలు తెచ్చాడు. సందులో దాన్ని స్టార్టు చెయ్యగానే నా అలమారులో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. నా చెయ్యి నాకు చెప్పకుండానే లేచి పొయ్యి మీద గిన్నె మూత తీసింది. గిన్నెలో ఏముంది? ఒక్కదాని వంట, ఎప్పుడో అయిపోయింది. చప్పుడు వినగానే మూత తీసే ఆ అలవాటు మా బావగారి బండి పట్టించింది. బండీ లేదు, బావగారూ లేరు, అలవాటు మాత్రం ఇంటద్దె కట్టకుండా చేతిలోనే కాపురముంది.

పందొమ్మిదివందల అరవైల్లో నేను శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌కు కోడలిగా వచ్చాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో మా రైల్వే క్వార్టరు. అత్తగారు, బుకింగు ఆఫీసులో పనిచేసే మా ఆయన, వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా బావగారు. బావగారి భార్య నేను రాకముందే పోయింది. ఆవిడ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. తమ్ముడి భార్య బావగారి ఎదట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు, అది మా అత్తగారి కట్టుబాటు. అందుకని ఆయన లోపలికి వచ్చే ముందు వాకిట్లో నిలబడి ఒకసారి దగ్గేవారు. ఆ దగ్గు వినగానే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఆయనకు జలుబు చేసిందంటే నాకు రోజంతా వంటిల్లే గతి.

అలాంటి ఆయన ఒకనాడు దగ్గడం మానేశారు. దేశం విడిచిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర ఇంగ్లండు మోటారుసైకిలు కొన్నారు. నల్లని ఒళ్లు, ట్యాంకు చుట్టూ బంగారు గీత, నిలబడి ఉంటేనే పరిగెడుతున్నట్టుండేది. అది మలుపులో ఉండగానే మా గోడలకు తెలిసేది. ఇంక దగ్గు ఎందుకు? చప్పుడు వినగానే అన్నం గిన్నె మూత తీసి, కంచంలో వడ్డించి, పీట వాల్చి, నేను లోపలికి తప్పుకునేదాన్ని.

ఆయన దాన్ని బండిలా కాదు, రైలింజనులా చూసుకునేవారు. ఎక్కే ముందు చిన్న సుత్తితో చక్రాల ఇనుమును తట్టి వినేవారు. ప్లాట్‌ఫారం మీద రైలు చక్రాలను అలాగే తట్టి చూస్తారు కదా, ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. సందులో వాళ్లంతా నవ్వేవారు. "ఏటి మావా, సిగ్నలు పడిపోనాదా, ఇంకా బయల్దేరవేటి?" అని ఒకడు. టీ కొట్టు బెంగాలీ అయితే, "దాదా, ఇంజన్ ఫస్ట్ క్లాస్, పాసింజరు ఏదీ?" అన్నాడట. పెట్టెలు లేకుండా ఒంటరిగా పోయే ఇంజనును రైలువాళ్లు లైట్ ఇంజన్ అంటారు. "లైట్ ఇంజన్ దాదా, ఠీక్ హై" అని బావగారు నవ్వి ఊరుకున్నారట. మా ఆయన ఇది ఇంట్లో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వెనక సీటు మీద దుమ్మును బావగారు రోజూ తుడవడం వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని నేనే కదా.

యంత్రాలకూ పనిముట్లకూ చేసే విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ ఒక్కరోజూ వర్క్‌షాపులోకి ఇంటివాళ్లను కూడా రానిస్తారు. పైన గాలిపటాలు, కింద పూలదండలు వేసుకున్న యంత్రాలు. బావగారి బండికీ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అప్పుడు మా అత్తగారికి ఒక శాస్త్రం గుర్తొచ్చింది. "పూజైన బండి ఉత్తినే ఇంటికి రాకూడదురా, ఇంటి ఆడది ఎక్కి రావాల." తానే ఎక్కబోయింది. మోకాలు లేవలేదు. చుట్టూ చూసి, ఎవరితోనో అన్నట్టు, "ఆ పిల్లని ఎక్కించుకోరా" అంది. బావగారు నేల చూశారు, నేనూ నేలే చూశాను. మా ఇద్దరికీ మధ్య ప్రసాదం బుట్ట అడ్డం పెట్టి, "ఇప్పుడు తప్పు లేదు" అని తీర్పు చెప్పి, ఆవిడ మా ఆయనతో రిక్షా ఎక్కింది.

బండి కదిలింది. సీటు కింద ఇనప కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మా సందు మలుపు దాటిపోయింది. ఆయన తిప్పలేదు. పూరీ గేట్ దగ్గర రైలు గేటు పడి ఉంటే ఇంజను ఆపారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. వెనక్కి తిరక్కుండా, రైలు పట్టాలతో చెబుతున్నట్టు అన్నారు: "బయ్యంగుందేటమ్మా? ఎనక్కి తిప్పీమంటావా?"

ఆయన నాతో అన్న మొదటి మాట అది. జవాబు చెప్పడానికి లేదు. చెప్పకపోతే భయమనుకుని తిప్పేస్తారు, మళ్లీ ఆ సీటు ఖాళీ. పెళ్లైన కొత్తలో పొరుగింటి బెంగాలీ దీదీ వాళ్ల ఆచారం ప్రకారం నాకో ఇనప గాజు తొడిగింది. ఆ గాజుతో కమ్మీని ఒకసారి తట్టాను. ఖంగుమంది.

ఆయన వీపు కదిలింది, నవ్వుకున్నారనుకుంటాను. గేటు లేచింది. ఆ తర్వాత నేనెక్కడున్నానో నాకు తెలియదు. చెట్లు వెనక్కి విసిరేసినట్టు పోతున్నాయి, గాలికి నోరు తెరిస్తే మూతపడటం లేదు, కొట్టుకుంటున్నది నా గుండో ఇంజనో పోల్చుకోలేకపోయాను. వంటింటి కిటికీ అంత లోకం ఇంత పెద్దదా అనిపించింది.

ఇల్లు చేరేసరికి రిక్షా ముందే వచ్చేసింది. "రిచ్చా కన్నా ఎనకేట్రా నీ ఇంగ్లండు బండి?" అంది అత్తగారు. "గేటు పడిపోనాదమ్మా" అన్నారు బావగారు. అబద్ధం కాదు కదా.

మళ్లీ నేనా బండి ఎక్కలేదు. కాని ఆనాటి నుంచి సాయంత్రం బండి ఆపాక ఆయన సుత్తితో చక్రాన్ని ఒకసారి తట్టేవారు. వంటింట్లోంచి నేను గిన్నె మీద గాజుతో తట్టేదాన్ని. ఏళ్ల తరబడి మా మాటలన్నీ అవే. తర్వాత ఆ ఇంగ్లండు బండికి విడి సామాను దొరకడం మానేసింది. బండి వాకిట్లో ఆగిపోయింది. ఆయన మళ్లీ దగ్గి లోపలికి రావడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ఆ దగ్గు నిజం దగ్గయింది. ఆ తర్వాత అదీ వినబడలేదు.

ఇంట్లోకి వచ్చేవాళ్లు దగ్గి వచ్చేవారు, కాలానికి ఆ మర్యాద లేదమ్మా, చప్పుడు లేకుండా వచ్చి అన్నీ పట్టుకుపోతుంది. మీ ఇళ్లకు రావలసినవాళ్ల చప్పుడు మీకు మలుపులోనే వినబడాలి. వాళ్లు గుమ్మం ఎక్కేసరికి మీ గిన్నెలో అన్నం వేడిగా ఉండాలి. వెళ్లిరండి, చల్లగా ఉండండి.